ఆలివ్ నూనా, చిలగడదుంపా, జొన్నరొట్టా: ఏ భోజనం ఎవరికి?

మా అత్తగారి హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగరు చెప్పే రక్తపరీక్ష) 8 దాటిందని తెలిసిన వారంలోనే ఇంటికి మూడు సలహాలు వచ్చాయి. డాలస్‌లో ఉంటున్న మరిది ఫోన్ చేసి "వదినా, మధ్యధరా భోజనం మొదలుపెట్టండి, మంచి ఆలివ్ నూనె పంపిస్తాను" అన్నాడు. ఆడపడుచు, ఒకినావా దీవిలో వందేళ్ళు దాటిన ముసలమ్మలు చిలగడదుంపలు తింటున్న వీడియో పంపింది. కదిరిలో ఉండే చిన్నమామగారు మాత్రం "సంగటి మానేసిన నాడే ఈ రోగం ఇంట్లో అడుగుపెట్టింది" అని తేల్చేశారు.

అప్పటినుంచి ఈ మూడింటి గురించి, వాటితో పాటు కాలిఫోర్నియాలోని అడ్వెంటిస్టులనే క్రైస్తవ శాఖ వాళ్ళ శాకాహారం గురించి చదువుతూ, కుదిరినవి వండి చూస్తూ వస్తున్నాను. నాలుగింటిలోనూ కంచం నిండా ఉండేది మొక్కల నుంచి వచ్చిన తిండే. నాలుగింటికీ మంచి పేరే ఉంది. అందుకే వాటి గొప్పలు వింటూ కూర్చుంటే ఎంపిక తెమలదు. నేను ప్రతిదాన్నీ ఒకటే ప్రశ్న వేసి చూశాను: ఇది కంచంలోకి వస్తే, దీని బదులు కంచంలోంచి ఏది పోతుంది?

ఇలా పోల్చి చూడటం మనకు కొత్తేమీ కాదు. 1920లలో రాబర్ట్ మెక్‌కారిసన్ అనే బ్రిటిష్ వైద్యుడు నీలగిరుల్లోని కూనూరులో ఎలుకలను గుంపులుగా విడదీసి, ఒక్కో గుంపుకు మన దేశంలోని ఒక్కో ప్రాంతపు భోజనం పెట్టాడు. సిక్కుల భోజనం, అంటే పొట్టు తీయని గోధుమ రొట్టెలు, పాలు, వెన్న, పప్పు, కూరగాయలు తిన్న ఎలుకలు అన్నిటికన్నా బాగా పెరిగాయి. మద్రాసు వాళ్ళ తెల్లన్నం తిన్నవి అట్టడుగున మిగిలాయి. అప్పటి మద్రాసు రాష్ట్రంలో కోస్తా జిల్లాలూ రాయలసీమా కూడా ఉండేవని వేరే చెప్పనక్కరలేదు. ఆ ప్రయోగశాలే తర్వాత హైదరాబాదుకు తరలివచ్చి, తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థగా మారింది. ఎలుకకు పెట్టిన పరీక్ష మనిషికి పూర్తిగా వర్తించదు గానీ, వందేళ్ళ కిందటే వేలు తెల్లన్నం వైపు చూపించిందన్నది మాత్రం నాకు గుర్తుండిపోయింది.

క్రీట్ భోజనం

మధ్యధరా భోజనం అని ఇప్పుడు అందరూ అంటున్నది అసలు గ్రీసు దేశపు క్రీట్ దీవి రైతులు, దక్షిణ ఇటలీ పల్లెల వాళ్ళు 1950లు, 60లలో తిన్న తిండి. అమెరికా శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్ 1958లో మొదలుపెట్టిన ఏడు దేశాల అధ్యయనం దాన్ని లోకానికి చూపింది. 40 నుంచి 59 ఏళ్ళ మగవాళ్ళు 12 వేలకు పైగా ఇందులో ఉన్నారు. క్రీట్ వాళ్ళలో గుండెజబ్బు మరణాలు చాలా తక్కువ, ఫిన్లాండ్ తూర్పు ప్రాంతంలో చాలా ఎక్కువ. విచిత్రమేమిటంటే క్రీట్ రైతు కేలరీల్లో దాదాపు 40 శాతం కొవ్వు నుంచే వచ్చేది. ఆ కొవ్వులో అధికభాగం ఆలివ్ నూనె. ఫిన్లాండ్ రైతు తిన్నది వెన్న, మీగడ.

దీనికి పరిశోధన బలం కూడా మిగతా వాటికన్నా ఎక్కువే. స్పెయిన్‌లో సుమారు 7,400 మందిపై జరిగిన ప్రెడిమెడ్ పరీక్షలో, ఆలివ్ నూనె గానీ రోజుకు 30 గ్రాముల గింజలు గానీ చేర్చి మధ్యధరా భోజనం తిన్నవాళ్ళకు గుండెపోటు, పక్షవాతం వంటివి, కొవ్వు తగ్గించమని సలహా పొందిన వాళ్ళకన్నా 30 శాతం దాకా తక్కువ వచ్చాయి. 2013లో వచ్చిన ఆ పత్రాన్ని, కొన్ని కేంద్రాల్లో మనుషులను గుంపులకు కేటాయించిన తీరులో లోపం బయటపడటంతో 2018లో వెనక్కి తీసుకుని, లెక్కలు మళ్ళీ కట్టి ప్రచురించారు. ఫలితం దాదాపు అలాగే నిలిచింది. తప్పు ఒప్పుకుని సరిచేసుకున్న లెక్క మీద నాకు నమ్మకం కాస్త ఎక్కువే.

ఇప్పుడు నా ప్రశ్న. ఆలివ్ నూనె వచ్చింది, దేని బదులు? వెన్న, పంది కొవ్వు వాడే ఐరోపా ఇంట్లో అయితే వాటి బదులు వస్తుంది. మన ఇంట్లో అది వేరుశనగ నూనె బదులు వస్తుంది. ఆ మార్పు వల్ల కలిగే లాభం అంత పెద్దదేమీ కాదు, ఖర్చు మాత్రం అయిదారు రెట్లు. పైగా తాలింపుకు, వేపుడుకు ఆ ఖరీదైన నూనెను మరిగిస్తాం. ఇంకా కష్టమేమిటంటే, మరిది పంపిన సీసా చూసి అన్నం ఏమీ తగ్గించకుండా పైన నూనె పోసుకోవడం మొదలైంది. క్రీట్ వాళ్ళ నుంచి అసలు తెచ్చుకోవలసింది హోర్తా. అంటే గట్ల మీద కోసుకొచ్చిన అడవి ఆకుకూరలు ఉడికించి, నూనె, నిమ్మరసం కలిపి కంచంలో సగం పెట్టుకోవడం. మనకూ పొన్నగంటి, తోటకూర, గంగవావిలి ఉన్నాయి. కానీ మనం వాటిని పప్పులో గుప్పెడు వేసి ఆకుకూర తిన్నామనుకుంటాం.

ఒకినావా భోజనం

ఇది క్రీట్‌కు పూర్తి విరుద్ధం. 1949 నాటి లెక్కల ప్రకారం ఒకినావా వాసులు తినే కేలరీల్లో మూడింట రెండు వంతులకు పైగా ఒక్క చిలగడదుంప నుంచే వచ్చేవి. కొవ్వు 6 శాతమే. 1605లో చైనా నుంచి వచ్చిన ఆ దుంప, తుపానులకు వరి నిలవని దీవిలో పేదవాడి ప్రాణం నిలబెట్టింది. దానితో సోయా టోఫు, సముద్రపు నాచు, గోయా. గోయా అంటే కాకరకాయే. పందిమాంసం పండుగలకే. కడుపు పదిలో ఎనిమిది వంతులు నిండగానే చేయి కడుక్కోవాలన్నది వాళ్ళ పెద్దల మాట. దాన్ని హర హచి బు అంటారు.

ఒక భోజనంలో 40 శాతం కొవ్వు, ఇంకొకదానిలో 6 శాతం, రెండు చోట్లా గుండెలు గట్టిగానే ఉన్నాయి. నాకు దీన్నిబట్టి అర్థమైంది, కొవ్వు శాతం దగ్గర కొట్టుకోవడం దండగ అని. రెండు చోట్లా ఉన్నవి చూడాలి: పాలిష్ పట్టిన ధాన్యమూ చక్కెరా తక్కువ; పప్పుజాతి గింజలూ ఆకులూ ఎక్కువ; పొద్దస్తమానం పొలంలో ఒళ్ళు వంచి పని.

ఒకినావా కథ రెండో భాగం వీడియోల్లో రాదు. 1945 నుంచి 1972 దాకా ఆ దీవి అమెరికా పాలనలో ఉంది. డబ్బా మాంసం, బర్గర్లు, కార్లు వచ్చాయి. 2000 సంవత్సరపు లెక్కల్లో మగవాళ్ళ ఆయుర్దాయంలో ఆ ప్రాంతం జపాన్‌లోని 47 ప్రాంతాలలో 26వ స్థానానికి పడిపోయింది. మనుషులు వాళ్ళే, జన్యువులు అవే, కంచం మారింది. అలాగని శతాయుష్కుల లెక్కలన్నీ వేదవాక్కులు కావు. 2010లో జపాన్ ప్రభుత్వం తనిఖీ చేస్తే, కుటుంబ రిజిస్టర్లలో వందేళ్ళు దాటినట్టు నమోదై, ఆచూకీ లేనివాళ్ళు దేశం మొత్తం మీద 2,30,000 మందికి పైగా తేలారు. కాబట్టి వందేళ్ళ మాట పక్కనపెట్టి, డెబ్బయ్యో ఏట ఎలా ఉన్నారన్నది చూడటం మేలు.

ఇక మన ఇంటికి వద్దాం. షుగరు ఉన్న మనిషి అన్నం తిని, పైన ఉడికించిన చిలగడదుంప తింటే అది ఒకినావా భోజనం కాదు, రెండు పిండిపదార్థాల భోజనం. దుంప అన్నం బదులు రావాలి. మా ఇంట్లో నాలుగు రోజులకు మించి ఎవరూ ఒప్పుకోలేదు. ఎనిమిది వంతుల నియమం మాత్రం నిలిచింది, ఎందుకంటే దానికి కొనవలసిందేమీ లేదు. "ఇంకొంచెం వడ్డించనా" అని అడగడం మానుకోవడమే కష్టం.

అడ్వెంటిస్టుల శాకాహారం

కాలిఫోర్నియాలోని లోమా లిండా పట్టణం చుట్టూ ఉండే ఈ క్రైస్తవ శాఖ వాళ్ళలో చాలామంది శాకాహారులు, పొగ, మద్యం ముట్టరు. వాళ్ళ మీద 2002లో మొదలైన రెండో అధ్యయనంలో సుమారు 96,000 మంది చేరారు. అందులో 73 వేల మంది వివరాలతో 2013లో వచ్చిన ఫలితాల్లో, శాకాహారుల మరణాల రేటు మాంసాహారుల కన్నా 12 శాతం తక్కువ. బ్రిటన్‌లో జరిగిన ఆక్స్‌ఫర్డ్ అధ్యయనం కొంచెం భిన్నంగా చెప్పింది: శాకాహారుల్లో గుండెజబ్బు 22 శాతం తక్కువ, పక్షవాతం 20 శాతం ఎక్కువ.

"మేము తరతరాలుగా శాకాహారులం, మాకేం" అనుకునే తెలుగు కుటుంబాలు ఇక్కడ కాస్త ఆగాలి. లోమా లిండా శాకాహారి మాంసం మాని బీన్సు, గింజలు, పళ్ళు, పొట్టుతో ఉన్న ధాన్యం పెట్టుకున్నాడు. మన శాకాహారి కంచంలో మాంసం లేదు సరే, ఆ చోటులో ఉన్నది రెండో విడత అన్నం, అప్పడం, ఆవకాయ, సాయంత్రం జంతికలు. పేరు ఒకటే, భోజనం వేరు. మొక్కల తిండిలో బీ12 ఉండదన్నదీ మరవకూడదు. పాలు, పెరుగు సరిగా తీసుకోని వాళ్ళు రక్తపరీక్ష చేయించుకుని మాత్ర వేసుకోవలసిందే.

వాళ్ళ దగ్గర నేర్చుకోదగిన మంచి ముక్క ఒకటి ఉంది. వారానికి అయిదు సార్లు గానీ అంతకు మించి గానీ గింజలు తినేవాళ్ళకు గుండెపోట్లు సగానికి తగ్గాయని వాళ్ళ మొదటి అధ్యయనం 1992లో చెప్పింది. వాళ్ళు తిన్న గింజల్లో వేరుశనగ పెద్ద భాగం. అనంతపురం జిల్లా వాళ్ళకు ఈ వార్త చేరవేసిన వాళ్ళు లేరు, బాదం పప్పు అమ్మేవాళ్ళు మాత్రం చాలామంది ఉన్నారు. జంతికల బదులు గుప్పెడు వేయించిన వేరుశనగ, ఉప్పు లేకుండా. అంతే.

మన పాత భోజనం, దాని మంచీ చెడూ

ఇక చిన్నమామగారి సంగటి. రాగుల్ని తెలంగాణలో తైదలు అంటారు, ఉత్తరాంధ్రలో చోళ్ళు అంటారు. తెలంగాణలో జొన్నరొట్టె, గటక, సీమలో రాగిసంగటి, కొర్రన్నం, ఉత్తరాంధ్రలో చోడంబలి, సామబువ్వ. మెట్ట పొలాల్లో వరి అన్నం పండుగ భోజనంగా ఉండేది. కాలువలు, బోర్లు వచ్చాయి, 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయలకు బియ్యం ఇచ్చింది. ఆకలి తీర్చిన పథకం అది, దాన్ని తప్పుపట్టే హక్కు కడుపు నిండిన నాకు లేదు. కానీ పండుగ భోజనం రోజువారీ అయింది, ఒంటి పని తగ్గింది.

జాతీయ పోషకాహార సంస్థ పట్టికల ప్రకారం 100 గ్రాముల జొన్నల్లో పీచు సుమారు 10 గ్రాములు, రాగుల్లో 11, పాలిష్ బియ్యంలో 3 లోపే. రాగుల్లో కాల్షియం 360 మిల్లీగ్రాముల పైచిలుకు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) దేశవ్యాప్త సర్వే 2023లో మధుమేహం ఉన్నవాళ్ళు 10 కోట్లు దాటారని చెప్పింది. మన కేలరీల్లో 62 శాతం పిండిపదార్థాల నుంచే, అదీ ఎక్కువగా తెల్లబియ్యం, మర పట్టిన ధాన్యాల నుంచే వస్తున్నాయని అదే సర్వే తర్వాతి భాగం తేల్చింది. దీన్నిబట్టి నా లెక్కలో తెలుగు ఇంటికి ఈ నాలుగింటిలో మొదటి ఎంపిక మన పాత భోజనమే. కంచంలోంచి పోవలసినది తెల్లన్నం గనుక, సరిగ్గా ఆ చోటులో కూర్చోగలిగేవి జొన్న, కొర్ర, రాగే గనుక.

అయితే పాతది కాబట్టి మంచిదన్న వాదన నాకు సరిపడదు. హైదరాబాదు చుట్టుపక్కల జొన్న మీదే బతికే పేదల్లో పెల్లాగ్రా కనిపించేది. ఎండ తగిలే చోట చర్మం నల్లబడి పొరలు లేచేది, విరేచనాలు, మతి తప్పడం. జొన్నలో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువగా ఉండటం దీనికి ఒక కారణమని పోషకాహార శాస్త్రవేత్త సి. గోపాలన్, ఆయన సహచరుడు 1960లో ప్రతిపాదించారు. జొన్న తప్పు కాదది, జొన్న తప్ప మరొకటి దొరకని పేదరికం తప్పు. సంగటిలోకి పప్పు, ఆకుకూర, మజ్జిగ ఉన్న ఇంట్లో ఆ జబ్బు రాదు. జహీరాబాదు దగ్గర పస్తాపూర్ చుట్టుపక్కల డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు ఒకే చేనులో జొన్న, కంది, అనుములు, ఇంకా పది పదిహేను రకాలు కలిపి వేస్తారు. చేనులో ఉన్న కలగలుపే కంచంలోకీ రావాలి.

మోసపోయే చోట్లు కూడా చెప్పాలి. రాగి మెత్తని పిండి చేసి పలచగా జావ కాచుకుంటే అది చక్కెరగా త్వరగా మారుతుంది. షుగరు ఉన్నవాళ్ళు జావను మందులా గ్లాసులకొద్దీ తాగడం చూస్తే నాకు భయమేస్తుంది. పిల్లలకు, బరువు పెరగవలసిన వాళ్ళకు అది మంచిదే. కొర్రలు, సామలు కొనేటప్పుడు మరీ తెల్లగా మెరుస్తుంటే పాలిష్ పట్టినవే అనుకోవాలి; బియ్యం పోయి చిన్న బియ్యం వచ్చినట్టు. చిరుధాన్యాల బిస్కట్టు పొట్లం వెనక చదివితే మొదటి మాట మైదా అని ఉంటుంది, చాలాసార్లు.

అన్నిటికన్నా పెద్ద మోసం మనకు మనం చేసుకునేది. రాత్రి రెండు జొన్నరొట్టెలు తిని, "అన్నం మెతుకు తగలకపోతే తిన్నట్టు ఉండదు" అని గిన్నెడు పెరుగన్నం కలుపుకోవడం. మా అత్తగారు రెండు నెలలు అదే చేశారు, నేనూ పెట్టాను. షుగరు కదలలేదు. పెరుగు కప్పులో పోసి, దోసకాయ ముక్కలు వేసి ఇవ్వడం మొదలుపెట్టాకే తగ్గడం మొదలైంది.

ఎవరు ఏది ఎంచుకోవాలి

షుగరు ఉన్నవాళ్ళకు: జొన్నరొట్టె లేదా పాలిష్ లేని కొర్రన్నం ఒక పూట, ఇంకో పూట అన్నం సగానికి తగ్గించి ఆ చోటు పప్పుకు, కూరకు. పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలు 2,000 కేలరీల భోజనంలో రోజుకు ధాన్యం 250 గ్రాములు, పప్పులు 85, కూరగాయలు 400, గింజలు 35 గ్రాములు అంటున్నాయి. ఇడ్లీ, దోసెల్లోని బియ్యం కూడా ఆ పావుకిలోలోనే లెక్క. నలుగురున్న ఇంట్లో రోజుకు గ్లాసు కందిపప్పు వండితే మనిషికి 50 గ్రాములు దాటదు; కాబట్టి పెసరట్టు, ఉలవగుగ్గిళ్ళు, అలసందలు ఎక్కడో చోట రావాలి. ఇన్సులిన్ గానీ కొన్ని రకాల మాత్రలు గానీ వాడేవాళ్ళు అన్నం ఒక్కసారి సగం చేస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. డాక్టరుకు చెప్పి, మోతాదు చూసుకుని మొదలుపెట్టాలి.

గుండెపోటు వచ్చి బయటపడిన వాళ్ళు, కొలెస్ట్రాల్ ఎక్కువ ఉన్నవాళ్ళు క్రీట్ వైపు మొగ్గవచ్చు. నెయ్యి, వనస్పతి, బేకరీ తిళ్ళు వదిలి వేరుశనగ, నువ్వుల నూనె మితంగా, రోజూ గుప్పెడు గింజలు. మాంసాహారులైతే మేకమాంసం బదులు వారానికి రెండుసార్లు చేప, వేపుడు కాదు, పులుసు. రక్తం పలచబరిచే వార్ఫరిన్ వాడేవాళ్ళు ఆకుకూరలు ఒక్కసారిగా పెంచకూడదు, వాటిలోని విటమిన్ కె మందుకు అడ్డుపడుతుంది.

బీపీకి పై పద్ధతుల్లో ఏది పట్టుకున్నా, ఊరగాయ వదలనంత కాలం లాభం అరకొరే. రోజుకు ఉప్పు 5 గ్రాములు దాటకూడదు. ఆవకాయ, అప్పడం, చారులో ఉప్పు కలిస్తే మధ్యాహ్నానికే ఆ లెక్క ముగుస్తుంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు పప్పులు, ఆకుకూరలు పెంచే ముందు వైద్యుణ్ణి అడగాల్సిందే, ఇక్కడ పొరుగువాళ్ళ సలహా పనికిరాదు.

డెబ్బయ్యేళ్ళు దాటి బక్కచిక్కుతున్న వాళ్ళకు ఒకినావా నియమం వద్దు. వాళ్ళకు తక్కువ తినడం కాదు, పప్పు, పెరుగు, గుడ్డు ఎక్కువ తినడం అవసరం. పళ్ళు లేకపోతే రొట్టె బదులు మెత్తని సంగటి.

అమెరికాలో, గల్ఫ్‌లో ఉన్న తెలుగువాళ్ళకు లెక్క మారుతుంది. అక్కడ ఆలివ్ నూనె మన దగ్గరంత ప్రియం కాదు, డబ్బా బీన్సు, కాబూలీ శనగలు చవక. ఇండియన్ స్టోర్‌లో జొన్నపిండి నెలల తరబడి ఉండి చేదెక్కి ఉండవచ్చు. మా మరిదికి క్రీట్ భోజనమే సులువు, ఆయన సలహా ఆయనకు సరైనదే.

చివరగా చాకిరీ సంగతి, ఎందుకంటే చాలా ఇళ్ళలో మార్పు ఆగిపోయేది అక్కడే. నలుగురికి రోజూ రొట్టెలు తట్టడమంటే ఒక మనిషికి గంట పని, ఆ మనిషి సాధారణంగా ఎవరో అందరికీ తెలుసు. మా ఇంట్లో వారానికి మూడు రోజులే రొట్టె, అదీ తిన్నవాళ్ళు వంతులవారీగా పిండి కలపాలన్న షరతు మీద. మిగతా రోజులు జొన్నరవ్వ ఉప్మా, కొర్రన్నం. కొర్రలు రెండు గంటలు నానబెడితే కుక్కర్‌లో అన్నంలాగే దిగుతాయి. రొట్టె విరిగిపోతోందంటే చాలాసార్లు పిండి పాతబడిందని అర్థం. పదిహేను రోజులకు సరిపడా జొన్నలు మర ఆడించుకుని, మరుగుతున్న నీళ్ళు పోసి కలిపితే కొత్తవాళ్ళ చేతిలో కూడా అంచులు చీలకుండా వస్తుంది.